ఏడో బల్బు

ఇంటి నుంచి,
ఆదివారం, వ్యాన్ కడిగిన తర్వాత

ఒరేయ్ ఫ్యూజూ,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. మీ బావ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో కోటు చేతులు విప్పుతున్నాడు. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావు. ఫోన్‌లో మనిద్దరం మూడో మాటకే అరుచుకుంటాం, నాలుగో మాటకి ఎవరో ఒకరం పెట్టేస్తాం. పైగా ఇప్పుడు నాకు కావలసింది కబుర్లు కాదు, ఒక పని ఎలా చెయ్యాలో వరసగా చెప్పడం. అది కాగితం మీద ఉంటే సీటు పక్కన పెట్టుకుని చూసుకుంటూ చేసుకోవచ్చు.

సంగతేమిటంటే, డాష్‌బోర్డులో మీటర్ల వెనక బల్బులు ఒక్కొక్కటే పోయాయి. మొదట ఇంజను వేడి చూపించే మీటరు చీకటైంది, పోనీలే అనుకున్నాను. తర్వాత స్పీడు మీటరు సగం పోయింది. తెల్లవారకముందే బేకరీలో ట్రేలు ఎక్కించుకుని షాపులన్నిటికీ రొట్టెలు దించాలి కదా, ఆ చీకట్లో నాకు ఆ మీటర్లే దిక్కు. మొన్న డీజిల్ మీటరు కూడా కన్నుమూసింది. ముల్లు ఎక్కడుందో కనపడక, ఉందిలే ఉందిలే అనుకుంటూ వెళ్ళి వంతెన మధ్యలో ఆగిపోయాను. వెనక వ్యాన్ నిండా వేడివేడి రొట్టెలు, రోడ్డు మీద ఖాళీ డబ్బా పట్టుకుని నేను. రొట్టెలు చేరేసరికి చల్లారిపోయాయి. బేకరీ ఓనరు ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంకోసారి ఇలా అయితే ఆ రూటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడు, ఇవ్వక ఏం చేస్తాడు?

ఇక్కడ ఎలక్ట్రీషియన్లు లేక కాదు. ఆ బండి వైరింగంతా నీ చేతిది. పని నేర్చుకునే రోజుల్లో బ్యాటరీ పేలి ఎడమ కన్ను పోయినా, నీ ఒక్క కన్ను పట్టుకునే తప్పులు ఇంకొకడి రెండు కళ్ళకి దొరకవు. అందులో వేరేవాడి చెయ్యి పెట్టనివ్వను. ఈమధ్య అందరూ ఎల్ఈడీలు వేయించుకుంటున్నారు, వెలుగు ఎక్కువ, తొందరగా పోవు అంటున్నారు. నిజమేనా? నిజమైతే పంపు. ఎలా పెట్టాలో రాయి. మా అక్కకి తెలుసులే అని ఏదీ వదిలెయ్యకు.

మరదల్ని అడిగానని చెప్పు.

నువ్వు పెట్టిన పేరుతోనే,
హారన్


షాపు నుంచి,
గిరాకీ మొదలవ్వకముందు

హారన్ అక్కకి,

ఇంతింత అక్షరాలు చూసి నవ్వకు. పెన్ను ఎక్కడో పారేసుకున్నాను. ఫ్యూజు డబ్బాల మీద పేర్లు రాసే లావు మార్కరుతో రాస్తున్నాను. నాలుగు మాటలకే పేజీ నిండిపోతోంది.

ఎల్ఈడీల గురించి నువ్వు విన్నది నిజమే. పార్సిల్‌లో ఆరు పెట్టాను. నీలం రంగువి కుర్రాళ్ళు సరదాకి వేయించుకుంటారు, కాసేపటికి కళ్ళు లాగేస్తాయి. పసుపువి పాత బల్బుల్లాగే మసకగా ఉంటాయి. నీకు తెల్లవి పంపుతున్నాను. ఆరూ తెల్లవే, ఒక్కొక్కటి బ్యాటరీకి తగిలించి నేనే చూసి ఏరాను.

ఇక పని. ముందు బ్యాటరీ నుంచి నల్ల వైరు ఊడదియ్యి. అది మరిచిపోతే నా పేరు నువ్వు పెట్టుకోవాల్సి వస్తుంది. తర్వాత స్టీరింగ్ వెనక నల్ల మూత. దానికి పైన రెండు స్క్రూలు కనపడతాయి, కింద రెండు దాక్కుంటాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. తీసిన స్క్రూలు ఒళ్ళో వేసుకోకు, గిన్నెలో వెయ్యి. మీటర్ల పెట్టె కొంచెం ముందుకి లాగితే వెనక స్పీడు కేబులు ఉంటుంది, దాని మర చేత్తోనే విప్పు, ప్లయరు పెట్టావంటే విరుగుతుంది. అప్పుడు పెట్టె వీపు నీ వైపు తిరుగుతుంది. దాని నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ హోల్డర్లు ఉంటాయి. ఒక్కొక్కదాన్ని పావు చుట్టు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. పాత బల్బు లాగేసి కొత్తది గుచ్చడమే.

ఒకటి గుర్తుపెట్టుకో. పాత బల్బుని ఎటు పెట్టినా వెలుగుతుంది. ఎల్ఈడీ అలా కాదు, ఒక వైపే వెలుగుతుంది. వెలగకపోతే నన్ను తిట్టకుండా తీసి తిప్పి పెట్టు. మూత బిగించేముందే నల్ల వైరు తగిలించి అన్నీ వెలిగించి చూసుకో. బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు జోలికి మాత్రం పోకు. ఆ బల్బు గుండా వెళ్ళే కరెంటే డైనమోని నిద్రలేపుతుంది. అక్కడ ఎల్ఈడీ పెడితే ఆ కరెంటు చాలదు, ఛార్జింగ్ ఆగిపోతుంది. అది కూడా మార్చేసి, బ్యాటరీ దిగిపోయి, బండి తోసుకుంటూ నా షాపుకొచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు.

మరదల్ని అడిగావు కాబట్టి ఇక్కడి సంగతులు కూడా రాస్తున్నాను. మీ మరదలు షాపు గోడలకి రంగు వేయించింది. తెలుపు వేయించమంటే పాత పేపరు లాంటి పసుపు వేయించి, తెలుపే అని వాదిస్తోంది. అందుకని మా ఇద్దరికీ మాటల్లేవు. అది చాలక, ఈమధ్య షాపు సర్దే పిచ్చి పట్టుకుంది. వైరు చుట్టలకి ఒక్కోదానికి ఒక మేకు. ఎర్రది ఎప్పుడూ మొదటి మేకుకే, నల్లది చివరి మేకుకే. తీసినది తీసినచోట పెట్టకపోతే యుద్ధమే. నా షాపులో నేనే పనివాణ్ణి అయిపోయాను.

బల్బులు పెట్టి రాయి.

తమ్ముడు


ఇంటి నుంచి,
పని ముగించి, చేతులు కడుక్కుని

ఒరేయ్ ఫ్యూజూ,

అయిపోయింది! నేనే చేశాను. మీ బావ తనూ చేశానని వీధంతా చెప్పుకుంటున్నాడు, నమ్మకు. ఆయన చేసిందల్లా టార్చి పట్టుకోవడం. అది కూడా నేను చూడాల్సిన చోట కాకుండా తను చూడాలనుకున్న చోట పట్టుకున్నాడు. స్క్రూలు గిన్నెలో వెయ్యమన్నావు, వేశాను. ఆయన ఆ గిన్నె తన్నేశాడు. సీటు కింద వెతుకుతుంటే స్క్రూలతోపాటు ఎప్పుడో పోయిన నా చెవి రింగు కూడా దొరికింది కాబట్టి బతికిపోయాడు.

నల్ల వైరు ముందే తీశాను, నీ పేరు నాకొద్దు. స్పీడు కేబులు దగ్గర చెయ్యి పట్టక ముంజేయంతా గీరుకుపోయింది. హోల్డర్లు నువ్వు చెప్పినట్టే వచ్చాయి. మొదట వెలిగిస్తే సగమే వెలిగాయి. "మీ తమ్ముడు పాడైనవి అంటగట్టాడు," అన్నాడు మీ బావ. నీ ఉత్తరం చూపించి నోరు మూయించాను. తీసి తిప్పి పెడితే అన్నీ వెలిగాయి. ఎర్ర లైటుని ముట్టుకోలేదు. ఆ మీటర్లలో ఇంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో! బండి కొన్న రోజంత సంబరపడ్డాను రా. మూత బిగించకుండా ఇద్దరం కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాం.

అప్పుడే మీ బావ, "ఇవి ఒకే తానులోవి కావు," అన్నాడు. టైలరు బుద్ధి కదా అని నేను పట్టించుకోలేదు. మర్నాడు చీకట్లో బయల్దేరాక నాకూ అలాగే అనిపించింది. ఒక మీటరు తెల్లగా ఉంటే పక్కది నీలంగా ఉంది, ఇంకొకటి పసుపుగా ఉంది. ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి చూపు మారినప్పుడల్లా కళ్ళు చెదురుతున్నాయి. మీటర్ల అద్దాలు పాతబడి రంగు మారాయా, నేను పెట్టడంలో ఏమైనా తేడా చేశానా? పనికి అడ్డేం లేదు. ముల్లు కనపడుతోంది, రొట్టెలు వేళకి చేరుతున్నాయి, ఓనరు మళ్ళీ మాట్లాడుతున్నాడు. తీరిక దొరికినప్పుడు చెప్పు చాలు.

మరదలితో మాటలు కలిశాయా? గోడ రంగు కోసం అంత పంతమేమిట్రా, పనీపాటా లేకపోతే సరి.

హారన్


షాపు నుంచి,
బుధవారం

అక్కా,

బల్బుల్లో తేడా లేదు. ఆరూ ఒకే తెలుపు. బావని కోట్లు కుట్టుకోమను, బల్బుల సంగతి నాకు వదిలెయ్యమను.

తేడా నీ కళ్ళలో ఉంది. కోప్పడకుండా చదువు. నీకు యాభై దాటాయి. ఈ వయసులో కంట్లో శుక్లం మొదలవుతుంది, మొదలైనట్టు తెలియదు. ముందు తెల్లవన్నీ పసుపుగా కనిపిస్తాయి. బట్టలు సరిగ్గా ఉతకలేదని ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటాం. ఎదురుగా వచ్చే బండి లైటు చుట్టూ వెలుగు ముద్దకడుతుంది, ఆ ముద్ద వెనక ఏముందో తెలియదు. ఆఖరి మెట్టు ఇంకా ఉందనుకుని కాలు వేస్తాం, ఉండదు. టీ గ్లాసు అందుకోబోతే చెయ్యి కొంచెం ఇవతలే ఆగిపోతుంది. ఎవరైనా చూశారేమోనని గబుక్కున వేరే ఏదో తీసుకోబోయినట్టు నటిస్తాం. పేపరు చదవడం మానేసి, వార్తలన్నీ ఒకటేలే అని చెప్పుకుంటాం.

నువ్వు చీకట్లో బండి నడిపేదానివి. నాన్చకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. వెళ్ళాకే నాకు ఉత్తరం రాయి.

గోడ పసుపే.

తమ్ముడు


ఇంటి నుంచి,
కంటి ఆసుపత్రికి వెళ్ళొచ్చిన సాయంత్రం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండిపోయింది. యాభై దాటాయని గుర్తుచెయ్యడానికి నువ్వే దొరికావా? ఆ మంట చల్లారాక భయం మొదలైంది. ఎదురుగా బండి వస్తే లైటు చుట్టూ ముద్ద కడుతోందా అని చూడటం, మెట్టు దిగుతూ ఆగిపోవడం, టీ గ్లాసు వంక అనుమానంగా చూడటం. నువ్వు రాసిందంతా నాకే ఉన్నట్టు అనిపించింది. బండి తోలడం మానేస్తే నేనేం చెయ్యగలను? రొట్టెలు చెయ్యడం కూడా రాదు, మొయ్యడమే వచ్చు. మీ బావకి చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కళ్ళలో మందు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి చదివించింది. చివరికి, "మీ కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఎందుకొచ్చారు?" అంది. నేను నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే చెప్పాను. పసుపు రంగు, వెలుగు ముద్ద, ఆఖరి మెట్టు, టీ గ్లాసు. ఆవిడ రాస్తున్న పెన్ను ఆపేసి నా వంక చూసింది.

"ఇవన్నీ మీకున్నాయా?"

"లేవండీ."

"మరెవరికి ఉన్నాయి? పుస్తకంలో చదివి ఎవరూ ఇలా చెప్పరు. టీ గ్లాసు సంగతి అసలు ఏ పుస్తకంలోనూ ఉండదు."

బయటికొచ్చి వ్యాన్‌లో కూర్చున్నాను. డాష్‌బోర్డు లైట్లు వేశాను. నీలం నీలంగానే ఉంది, పసుపు పసుపుగానే ఉంది. నా కళ్ళు బాగున్నాయని డాక్టరు చెప్పాక ఇక వేరే అర్థం ఏముంది? ఒకప్పుడు మా ఇంటి వసారాలో నిలబడి, వీధి చివర ఆగిన కారుకి ఒక పక్క లైటు మార్చారని చెప్పినవాడివి. అలాంటివాడివి మూడు రంగుల బల్బులు కలిపేసి అన్నీ తెల్లవే అని పంపావు. అప్పుడు మిగతావన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. పెన్ను పోయిందని లావు మార్కరుతో రాసిన అక్షరాలు. తెల్ల గోడ పసుపుగా ఉందని మరదలితో పంతం. అన్నీ నీ ఉత్తరాల్లోనే ఉన్నాయి, నేనే గోడ రంగు గురించి నిన్ను ఆటపట్టించాను.

ఉన్నది ఒక్క కన్ను కదరా. ఆ ఒక్కటీ మసకేసిందని ఎవరికీ చెప్పకుండా నీలో నువ్వే ఎన్నాళ్ళు తిప్పలు పడ్డావు? నేను ఏడుస్తూ రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా రాకపోతే సర్దుకో. ఈసారి నిజం రాయి. నాకు అబద్ధం చెప్పావంటే ట్రేలన్నీ ఖాళీ చేసి నేరుగా నీ షాపు ముందు బండి ఆపి హారన్ మీద చెయ్యి తియ్యను.

అక్క


షాపు నుంచి,
గిరాకీ లేని మధ్యాహ్నం

అక్కా,

నీ ఉత్తరం చదవడానికి చాలాసేపు పట్టింది. తలుపు దగ్గర కూర్చుని భూతద్దం పెట్టుకుని చదివాను. మీ మరదలు వస్తుంటే భూతద్దం జేబులో దాచేశాను.

నువ్వన్నదంతా నిజమే. శుక్లమేనట. చాలాకాలం కిందటే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న ఆపరేషన్, రోజూ ఎంతోమందికి చేస్తాం అన్నాడు. "వాళ్ళందరికీ రెండో కన్ను ఉంటుంది కదండీ," అన్నాను. నూటికి ఒకరికో, వెయ్యికి ఒకరికో తేడా రావచ్చు అన్నాడు. ఆ ఒకణ్ణి నేనే అయితే? ఎడమ కన్ను పోయిన రోజు కూడా అందరూ ఇలాగే అన్నారు, బ్యాటరీలు అలా ఊరికే పేలవని. ఆ తర్వాత మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు.

పని చేస్తూనే ఉన్నాను. చేతులకి అలవాటే కాబట్టి సగం పని తడుముకునే చేసేస్తాను. వైరు రంగు తెలియకపోతే బండి యజమానిని అడుగుతాను, "ఇది ఏ రంగో చెప్పండి చూద్దాం," అని, సరదాకి అడిగినట్టు. అందరూ నవ్వుతూ చెప్తారు. మొన్న ఒకాయన బండికి బ్రేకు లైటు వైరు, హారన్ వైరు మార్చి కలిపేశాను. ఆయన బ్రేకు తొక్కినప్పుడల్లా హారన్ మోగింది. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. మీ మరదలు మాత్రం నవ్వకుండా లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆ మేకుల పిచ్చి ఇంకా ముదిరింది, ఇప్పుడు స్క్రూడ్రైవర్లకి కూడా మేకులు కొట్టింది.

ఆమెకి చెప్పకు. బెంగపెట్టుకుంటుంది. నీ బల్బులు నేను కావాలని చెడగొట్టలేదే. నాకు ఆరూ ఒకలాగే కనిపించాయి. అవి వెలుగుతుంటే నేను సంతోషించాను కూడా, ఎంత బాగా కలిశాయో అని.

భయంగా ఉందక్కా. మసకగా అయినా ఇప్పుడు కనిపిస్తోంది. అది కూడా పోతే?

ఫ్యూజు


ఇంటి నుంచి,
ట్రేలు దించి వచ్చిన వెంటనే

నా తండ్రీ,

ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. నాకూ చచ్చేంత భయంగా ఉంది. నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. సూదిలో దారం ఎక్కిస్తున్నవాడల్లా ఆపేశాడు, ఆ తర్వాత ఎక్కించలేకపోయాడు.

ఒక్క మాట మాత్రం అడుగుతాను. మసకగా అయినా కనిపిస్తోందన్నావు. నిరుడు ఇంత మసక ఉందా? వచ్చే ఏడు ఇంతే ఉంటుందా? అది నీ దగ్గర నిలిచేది కాదురా, రోజూ కొంచెం కొంచెం పోతూనే ఉంది. చేయిస్తే పోతుందేమో అని భయపడి, చేయించకపోతే పోవడం ఖాయమైనదాన్ని పట్టుకుని కూర్చున్నావు. ఇదే లెక్క ఎవరైనా బండి విషయంలో చెప్తే నువ్వు ఊరుకుంటావా? వాడి చేతిలోంచి తాళం లాక్కుని బండి షాపులో పెట్టుకుంటావు.

ఇంకొకటి. మరదలికి చెప్పొద్దన్నావు. పిచ్చివాడా, ఆమెకి తెలుసు. ఎర్ర చుట్ట ఎప్పుడూ మొదటి మేకుకి, నల్లది చివరి మేకుకి ఎందుకనుకున్నావు? నువ్వు రంగు చూడకుండా చెయ్యి చాపితే సరైన వైరు అందాలని. హారన్ సంగతి జరిగాక స్క్రూడ్రైవర్లకి కూడా మేకులు ఎందుకు కొట్టింది? నీకు సర్దే పిచ్చిలా కనిపించింది అది. గోడకి వెల్ల వేయించింది కూడా నీకు కాస్త వెలుగు పెరుగుతుందనే అయ్యుంటుంది. నువ్వు దాచుకుంటున్నావు కదా అని ఆమె అడగకుండా ఊరుకుంది. నీ పరువు ఎక్కడ పోతుందోనని పసుపా తెలుపా అని పోట్లాడుతూ కూర్చుంది. నువ్వు చెప్పేదాకా ఆమె అడగదు. ఈ రాత్రే చెప్పు.

డాక్టరు ఏ రోజంటే ఆ రోజుకి నేను వస్తాను. బేకరీ ఓనరుకి చెప్పేశాను.

అక్క


షాపు నుంచి,
తొందరలో

అక్కా,

చెప్పాను. "అమ్మయ్య," అని నేల మీద కూలబడింది. కాసేపు ఏడ్చి, "ఇంకా ఎన్ని మేకులు కొట్టించేవాడివో," అంది. డాక్టరు శనివారం రమ్మన్నాడు. శుక్రవారం సాయంత్రానికల్లా వచ్చెయ్యి. బావని రావొద్దను, ఆయన టార్చి పట్టుకుంటానంటాడు.

ఫ్యూజు


ఇంటి నుంచి,
తిరిగొచ్చిన వారానికి

ఒరేయ్ ఫ్యూజూ,

కట్టు విప్పేదాకా ఉండలేకపోయాను, ఆదివారం రొట్టెలు ఆగవు కదా. నిన్ను లోపలికి తీసుకెళ్ళాక మరదలూ నేనూ బయట బల్ల మీద కూర్చున్నాం. ఆమె తన సంచిలోంచి ఒక వైరు ముక్క తీసి వేలికి చుట్టడం, విప్పడం, అదే పని. నువ్వు బయటికొచ్చేసరికి ఆ వేలు నీలంగా కందిపోయి ఉంది.

కట్టు విప్పారని మరదలు ఫోన్ చేసింది. నువ్వు ఫోన్ తీసుకుని, "బాగానే కనిపిస్తోంది," అన్నావు. నీ "బాగానే" సంగతి నాకు తెలియదా? అన్నీ తెల్లవే అని పంపినవాడివి నువ్వు. ఎంతవరకు తేటపడుతుందో ఒక నెల పోతేగాని చెప్పలేమని డాక్టరు నాకూ చెప్పాడు. కాబట్టి నేను ఒక పని చేశాను. నువ్వు ఆసుపత్రిలో ఉండగా నా డాష్‌బోర్డు విప్పి, నువ్వు పంపిన బల్బులన్నీ పీకి, మీ షాపు అల్మారాలో రేకు డబ్బాలో పెట్టి వచ్చాను. ఎక్కడ పెట్టానో మరదలికి తెలుసు, అడిగేదాకా ఇవ్వొద్దన్నాను. కంట్లో మందు వెయ్యడం అయిపోయాక, డాక్టరు పని చేసుకోమన్నాక, వాటిని బ్యాటరీకి తగిలించి రంగు ప్రకారం వేరుచెయ్యి. ఎవర్నీ అడక్కూడదు. ఏవి ఎన్నో నాకు రాయి. అప్పుడు నమ్ముతాను.

అందాకా నాకు కొత్త బల్బులు పంపకు. పాతవాటిలో ప్రాణమున్నది ఒకటి వెతికి డీజిల్ మీటరుకి పెట్టుకున్నాను, వంతెన మీద మళ్ళీ ఆగను. మిగతావి చీకటిగానే ఉండనీ.

హారన్


షాపు నుంచి,
ఉదయం, తలుపులు తెరిచి

హారన్ అక్కకి,

ఇది పెన్నుతో రాస్తున్నాను. చూశావా, ఒక్క పేజీలో ఎంత పడుతోందో. పెన్ను ఎక్కడా పోలేదు, డ్రాయరులోనే ఉంది.

నిన్న డాక్టరు పని చేసుకోవచ్చన్నాడు. ముందు షాపుకొచ్చి గోడ చూశాను. తెలుపే. ఎంత తెల్లగా ఉందంటే దాని ముందు నిలబడి కదలలేకపోయాను. మీ మరదలికి తప్పయిందని చెబుదామనుకున్నాను గానీ, ఆ గోడకి అలాగే ఆనుకున్నాను. "చొక్కాకి సున్నం అంటుతుంది," అని వీపు దులిపి వెళ్ళిపోయింది. ఆ మేకులు మాత్రం పీకనివ్వడం లేదు.

తర్వాత డబ్బా అడిగాను. ఇచ్చి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది, నేను బయటివాళ్ళని అడుగుతానేమోనని కాపలా. ఒక్కొక్కటి వెలిగించి బల్ల మీద పేర్చాను. నీలానివి రెండు. మామూలు నీలం కూడా కాదు, కుర్రాళ్ళు వేయించుకునే ముదురు నీలం. వీటిని తెలుపనుకుని నీకు పంపానా! పసుపుది ఒకటి. మిగిలినవి తెల్లవి. అంతా సరిపోయిందనుకుని లెక్కపెడితే తెల్లవి నాలుగున్నాయి. నేను పంపింది ఆరు, బల్ల మీద ఉన్నవి ఏడు.

ఆ నాలుగింటినీ మళ్ళీ పక్కపక్కన పెట్టి వెలిగించాను. మూడు అసలైన తెలుపు. నాలుగోదాంట్లో లేత ఆకుపచ్చ జీర ఉంది. ఒక్కదాన్నే చూస్తే తెల్లదనే అనుకుంటాం, పక్కన తెలుపు పెడితేనే బయటపడుతుంది. అలాంటిది నేను కొనలేదు, నా షాపులో లేదు. నన్ను పరీక్ష పెడుతున్నావు కదూ? ఇంత లేత ఆకుపచ్చ ఏరడం నీ వల్ల కాదు. ఇది బావ పని.

కొత్తవి ఆరు పంపుతున్నాను. ఈసారి నిజంగానే తెల్లవి. ఎర్ర లైటు జోలికి పోకు.

నీ తమ్ముడు,
ఫ్యూజు


బేకరీ ముందు నుంచి,
బయల్దేరేముందు, వ్యాన్‌లోనే కూర్చుని

ఒరేయ్ ఫ్యూజూ,

పరీక్షే. మీ బావ ఒక పూటంతా స్పేర్ పార్టుల షాపులో కూర్చుని ఏరాడు. తెల్లది పక్కన ఉంటేతప్ప దొరకనిదే కావాలన్నాడు. కంటికి ఎంత తేటగా ఉందో తెలియాలంటే అదే సరైన రంగట.

నీకు చెప్పలేదు గానీ, ఆ ఏడో బల్బు పెట్టి వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నీకు కనపడకపోయుంటే ఏడూ తెల్లవే అని రాసేవాడివి. ఆ ఉత్తరం వస్తుందేమోనన్న భయంతో పోస్ట్‌మాన్ వచ్చిన ప్రతిసారీ మీ బావనే గుమ్మంలోకి పంపాను. నిన్న ఆయన ఉత్తరం విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టాడు. "ఏం రాశాడు?" అని లోపలి నుంచే అడిగాను. ఆయన కవరు నా వైపు తిప్పి చూపించాడు. అడ్రసు పెన్నుతో ఉంది, సన్నగా, వంకర లేకుండా. చదవకముందే ఏడుపొచ్చేసింది.

నీ బల్బులు సాయంత్రమే పెట్టేశాను. ఆయన టార్చి పట్టుకున్నాడు, ఈసారి నేను చూసేచోటే. ఇంకా తెల్లవారలేదు. బేకరీ వాళ్ళు ట్రేలు ఎక్కిస్తున్నారు, ఆ చప్పుడు వినిపిస్తోంది. ఈ ఉత్తరం మీటర్ల వెలుగులోనే రాస్తున్నాను. అన్నీ ఒకే తెలుపు. డీజిల్ సగానికి పైనే ఉంది.

హారన్